గుర్రం బాపు చూశానన్న పంది

గుర్రం బాపు పోయాడన్న వార్త నాకు బడిలో ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. మధ్యాహ్న భోజనం వండే అక్క వంటగది గుమ్మంలోంచి చేయూపి పిలిచింది. "టీచరమ్మా, మన గుర్రం బాపు పోయిండట. పొద్దుగాల ఐదింటికి పానం పోయిందట" అంది. పిల్లలు వరసగా లోపలికి వెళ్తున్నారు. హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నిజం చెప్పాలంటే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, మూడో తరగతి పిల్లల ముందు, ఆపుకోలేనంతగా.

ఆ భయం సంగతి దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది నివాళి కాదు, దొంగ సాక్ష్యం. అందుకని మీకు అదీ చెప్తాను. ముందు ఆయన ఎవరో చెప్పనివ్వండి.

మా బడి వర్ని వైపు, నిజాంసాగర్ కాలువ కింద ఒక చిన్న ఊళ్లో ఉంది. నేను నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చి, స్టేజీ దగ్గర దిగి, కాలువ కట్ట మీద రెండు కిలోమీటర్లు నడుస్తాను. ఒక పక్క నీళ్లు, ఒక పక్క చెరుకు తోటలు. కట్ట వెడల్పు ఒక ఎడ్లబండికి సరిపోతుంది, అంతే. దాని మీదనే లోకమంతా నడుస్తుంది. గొర్లు, గొర్ల వెంట కుక్కలు, గడ్డిమోపుల అవ్వలు, చెవుల్లో వైర్లు పెట్టుకుని పొట్ట తగ్గించుకోవడానికి నడిచే పెద్దమనుషులు, చెరుకు కొట్టే కాలంలో మహారాష్ట్ర నుంచి వచ్చే కూలీల బండ్లు, వాటి కింద కట్టేసిన కుక్కలు. వీళ్లందరి మధ్య గుర్రాలు కూడా.

వాటిలో ఒకటి ఈ గుర్రం బాపుది. ఆయన తండ్రి బోధన్ స్టేషన్ దగ్గర టాంగా నడిపేవాడట. టాంగాల కాలం పోయాక ఈయన పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. తెల్లటి ఆడగుర్రం, పేరు మోతి. బోధన్ చుట్టుపక్కల ఎంతమంది పెళ్లికొడుకులు దాని వీపు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారో లెక్కలేదు. పెళ్లిళ్లు లేని నెలల్లో దాని కాళ్లు పట్టేయకుండా రోజూ పొద్దున కట్ట మీద తిప్పేవాడు. డెబ్బై దాటినా జీను మీద నిటారుగా కూర్చునేవాడు. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన గుర్రం బాపే.

ఇక నేను. నేను భయస్తురాలిని. ఎనిమిదేళ్లప్పుడు నిజామాబాద్‌లో మా గల్లీ కుక్క పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకున్న తరం మాది. అప్పటినుంచి కుక్క అంటే నాకు ఒళ్లంతా పిక్కే. ఈ బడికి బదిలీ అయిన కొత్తలో బస్సు దిగి కట్ట వైపు చూస్తేనే వెనక్కి తిరిగి బస్సెక్కాలనిపించేది. సెలవు పెట్టేద్దామా అని రోజూ అనుకునేదాన్ని.

మొదటి వారంలోనే గొర్ల కుక్కలు రెండు ఎదురొచ్చాయి. చేసేది ఏముంది, పరుగెత్తాను. అవీ పరుగెత్తాయి. వెనకనుంచి ఒక గొంతు ఉరిమింది. "ఉర్కకు! నిలవడు! మాట్లాడు, ఏదన్న మాట్లాడు!"

ఏం మాట్లాడాలి కుక్కలతో? నాకు నోటికొచ్చింది ఒక్కటే. "రెండొకట్ల రెండు, రెండు రెళ్ల నాలుగు" అని కళ్లు మూసుకుని అరవడం మొదలుపెట్టాను. రెండో ఎక్కం అయిపోయి మూడో ఎక్కంలోకి వచ్చాక కళ్లు తెరిచాను. కుక్కలు నిలబడి తోకలు ఊపుతున్నాయి. వాటి వెనక గుర్రం. గుర్రం మీద ఒక ముసలాయన, నవ్వలేక నవ్వలేక చస్తున్నాడు.

"మంచిగున్నది బిడ్డా. అవిటికి గూడ సదువు వస్తది ఇగ" అన్నాడు.

ఆ రోజునుంచి నేను కనిపిస్తే చాలు, "ఎక్కం ఎంతదాక వచ్చింది పంతులమ్మా?" అని అడిగేవాడు. నేను రోజుకొక ఎక్కం పేరు చెప్పేదాన్ని. ఆయన తలాడించి, గుర్రాన్ని నెమ్మదిగా నడిపిస్తూ నా పక్కనుంచి దాటిపోయేవాడు.

దాటడంలోనే ఉండేది ఆయన పద్ధతంతా. ఎవరి వెనకనుంచి వచ్చినా పది బారల దూరంలోనే మోతిని నడకకు తెచ్చి, "ఇగో వస్తున్న!" అని ఎలుగెత్తి చెప్పేవాడు. ముందున్నవాళ్లు "రా రా" అంటేనే అడుగు ముందుకు. ఒకసారి పుట్టు చెవుడున్న ఒక ముసలాయన ముందు నడుస్తుంటే, జవాబు రాలేదని ఆయన వెనకే స్టేజీ దాకా పోయాడు. ఆ రోజు బరాత్‌కు ఆలస్యమవుతోంది కూడా. నేను నవ్వితే, "ఆయన ఇనలే. ఇననోని పక్కపొంటి ఎట్ల పోత?" అన్నాడు. ఆయనకు అందులో నవ్వేందుకు ఏమీ కనిపించలేదు.

నడిచేవాళ్లకూ ఆయన దగ్గర పాఠం ఉండేది. గుర్రం వస్తుంటే కట్ట దిగువన, చెరుకు వైపు, రెండడుగులు కిందికి దిగి నిలబడాలి. గొడుగు ఉంటే ముందే ముడవాలి, దాని మొహం ముందు టప్పున తెరవొద్దు. అన్నిటికంటే ముఖ్యం, నోరు విప్పాలి. "దాన్ని పలకరించు, నన్ను పలకరించు, లేకుంటె నీకు నువ్వే మాట్లాడుకో. దానికి నీ గొంతు ఇనవడాలె. ఇనవడితె గది మనిషి. సప్పుడు లేకుంట దాసుకునేది ఎవలు? తినెటందుకు వచ్చింది దాసుకుంటది. గుర్రానికి గదొక్కటే ఎర్క" అనేవాడు.

కూలీల బండ్లు వచ్చే కాలంలో ఆయన గొంతు మరాఠీలోకి మారేది. "కుత్ర్యాలా ధరా హో!" అంటే వాళ్లు కుక్కల మెడ పట్టుకునేవాళ్లు, ఈయన దాటాక దండం పెట్టేవాళ్లు, ఈయనా పెట్టేవాడు. కట్ట మీద ఎవరికీ ఎవరి పేరూ తెలియదు, కానీ ఎవరూ ఎవరికీ చెప్పకుండా దాటిపోయేవాళ్లు కాదు. అది ఈయన ఒక్కడే ఏళ్ల తరబడి నేర్పిన అలవాటు.

కోపం మాత్రం ఒక్కసారి చూశాను. అవతల తోటల్లో ఫాంహౌస్ కట్టుకున్నవాళ్లు రెండు గుర్రాలు తెచ్చారు. ఒక శనివారం పొద్దున ఇద్దరు కుర్రాళ్లు వాటిని దౌడు తీయిస్తూ వచ్చారు. ముందు గడ్డిమోపుతో ఒక అవ్వ. చెప్పలేదు, ఆగలేదు, రాసుకుంటూ పోయారు. అవ్వ కట్ట కింద పడింది, మోపు ఒక పక్క, అవ్వ ఒక పక్క. ఎదురుగా బాపు. మోతిని కట్టకు అడ్డంగా నిలబెట్టాడు.

"తాతా, జరుగు" అన్నాడు ఒక కుర్రాడు.

"దిగు."

"ఏమైందిప్పుడు?"

"మొదలు దిగు. గుర్రం మీద కూసున్నోనికి కిందోళ్ల మొకాలు కనవడయి. దిగి సూడు, కనవడతది."

దిగారు. అవ్వ మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆ ఇద్దరి చేత మోపు ఎత్తించి అవ్వ తలమీద పెట్టించాడు. తర్వాత ఆ కుర్రాళ్లతో, "మీ గుర్రాలు మంచియి. మెల్లగ నడిపిస్తె ఇంక మంచిగ కనవడతయి" అన్నాడు, నిజంగానే వాటి మెడలు నిమిరి. తిట్టడం మరిచిపోయాడో, రాదో నాకు తెలియదు. నాకైతే ఆ ఇద్దరినీ కాలువలోకి నెట్టాలనిపించింది.

ఇప్పుడు నేను రాయడానికి భయపడేదానికి వస్తాను.

పోయిన భాద్రపదం. నాలుగు రోజులుగా ముసురు. చెరుకు మనిషి కంటే ఎత్తు పెరిగి, గాలికి కట్ట మీదికి ఒరుగుతోంది. ఆ వారమంతా బస్సులో పందుల మాటే. అడవి పందులు తోటల్లో దూరి చెరుకు నమిలి పోతున్నాయని, పక్క ఊళ్లో ఒక పంది ఒకామె తొడ చీరేసిందని. నేను గొడుగు వేసుకుని బిరబిరా నడుస్తున్నాను. సగం దూరం వచ్చాక ముందు రెండు కుక్కలు కనిపించాయి. గొర్లు లేవు, కాపరి లేడు. తడిసిపోయి, తలలు కిందికి వేసుకుని, నా వైపే వస్తున్నాయి.

ఎక్కం గుర్తుకురాలేదు. అదే సమయంలో వెనక దూరంనుంచి గిట్టల చప్పుడు. ముందు కుక్కలు, వెనక గుర్రం. ఆ గుర్రం ఎవరిదో కూడా వానలో తెలియలేదు. గొడుగు ముడిచాను, అది మాత్రం మరచిపోలేదు. కట్ట దిగాను. రెండడుగుల దగ్గర ఆగలేదు. చెరుకులోకి దూరి, ఆకుల మధ్య ముడుచుకుని కూర్చున్నాను. దారి ఇస్తున్నాననే అనుకున్నాను. గుర్రానికీ కుక్కలకీ అడ్డు లేకుండా తప్పుకోవడమే మర్యాద అనుకున్నాను.

గిట్టల చప్పుడు ఆగింది. ముక్కుతో బుసకొట్టిన చప్పుడు. అది మోతి.

"ఎవలది?" అన్నాడు బాపు.

నేను మాట్లాడలేదు.

"మనిషివైతె మాట్లాడు బిడ్డా, మోతి బెదురుతున్నది."

ఆయన గొంతు గుర్తుపట్టాను. ఒక్క మాట చాలు. నేనే బాపూ అంటే చాలు. కానీ కుక్కలు దగ్గరకొచ్చి చెరుకు మొదట్లో వాసన చూస్తున్నాయి, వాటి ఊపిరి నాకు వినిపిస్తోంది. దానికి తోడు సిగ్గు. పంతులమ్మ చెరుకులో ముడుచుకుని కూర్చుందని తెలిస్తే? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చెయ్యి కదిలి ఆకులు గలగలమన్నాయి. మోతి ముందుకాళ్లు ఎత్తింది. ఆకుల సందులోంచి తెల్లటి పొట్ట ఒక్కసారి పైకి లేవడం చూశాను. తర్వాత కాలువ అంచు రాళ్ల మీద ఆయన పడిన చప్పుడు.

కుక్కలు పారిపోయాయి. నేను వెంటనే పైకి రాలేదు. ఇదే నన్ను నేను క్షమించుకోలేని సంగతి. యూరియా బస్తాతో మోటర్‌సైకిల్ మీద వస్తున్న ఒకాయన ఆగి కేకలు వేస్తే ఇంకో ఇద్దరు పోగయ్యాక, నేను తోట గట్టు మీదుగా చుట్టూ తిరిగి, అప్పుడే స్టేజీ దగ్గరనుంచి వస్తున్నట్టు వచ్చాను.

"ఏమైంది బాపూ? ఎట్ల వడ్డవ్?" అని అందరూ అడుగుతున్నారు.

ఆయన నన్ను చూశాడు. నా చీర చూశాడు. కుచ్చిళ్ల నిండా చెరుకాకు నుసి, ఒక ఎండుటాకు జడకు వేలాడుతోంది. నొప్పికి పళ్లు బిగబట్టి, నా మొహంలోకే చూస్తూ చెప్పాడు. "పంది. చెరుకుల పంది ఉండె. నేను సూసిన."

తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్ ఆసుపత్రిలో పది రోజులుంచి, ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. వారానికి ఒకసారి బడి అయ్యాక వాళ్లింటికి పోయేదాన్ని. కొడుకు నాకు చాయ్ తెచ్చి చేతికిచ్చేవాడు. "మా బాపు అంటె ఎంత ప్రేమ టీచరమ్మకు" అనేది కోడలు. చెప్పాలని పోయేదాన్ని, చెప్పకుండా వచ్చేదాన్ని. ఒకసారి తెగించి, "బాపూ, ఆ రోజు చెరుకుల..." అని మొదలుపెట్టాను.

"పందులు శాన అయినయి బిడ్డా" అన్నాడు గట్టిగా, గుమ్మంలో ఉన్న కొడుకుకు వినపడేలా. కొడుకు మోతికి నీళ్లు పెట్టడానికి వెళ్లాక, గొంతు తగ్గించి, "నువ్వు కట్ట మీద నడుసుడు మానకు. బడి ఇడిసిపెట్టి పోకు. నాకు గంతె సాలు" అన్నాడు.

ఊరు నన్ను ఏమంటుందోనని ఆయన పందిని అడ్డం పెట్టాడు. నేను ఆ పంది చాటున హాయిగా కూర్చున్నాను. మంచంలో ఉండీ ఉండీ పుష్యం చలికి ఆయనకు నిమ్ము చేసింది. వయసు మీద పడిందన్నాడు డాక్టర్. వయసే కావచ్చు. పడకపోయి ఉంటే ఆ వయసు ఇంకో ఐదేళ్లు గుర్రం మీద తిరిగేదేమో, ఎవరు చెప్తారు?

ఆయన పోయిన రోజు బడినుంచి నేరుగా వాళ్లింటికి పోయాను. వాకిట్లో పడుకోబెట్టారు. మోతిని కొట్టంలో కట్టేశారు, అది కాలితో నేల తవ్వుతోంది. కొడుకు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో లేచి అందరి ముందు అన్నాడు. "మా బాపును సంపిన పందిని ఇడిసిపెట్ట. తోట సుట్టు కరెంటు తీగ గుంజుత. ఎన్ని పందులు వస్తయో రానీ."

ఎవరూ వద్దనలేదు. ఇద్దరు ముగ్గురు తలాడించారు. చాటుమాటుగా అలాంటి తీగలు అక్కడక్కడా గుంజుతూనే ఉంటారు. కట్ట పక్కన చెరుకు తోట ఆ కొడుకు కౌలుకు చేస్తున్నదే. కట్ట దిగువన, చెరుకు వైపు రెండడుగులు. బాపు అందరికీ దిగమని నేర్పింది అక్కడికే. గడ్డిమోపు అవ్వ బండికి దారిచ్చి దిగేది అక్కడికే, గొర్లు దిగేది, కుక్కలు దిగేది, మా బడి పిల్లలు దిగేది. వాళ్లు దిగేచోట తీగ ఉంటుంది. అదీ, లేని పంది కోసం.

అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. శవం ముందు ఎలా అనుకున్నాను. మూడో రోజు చుట్టాలున్నారనుకున్నాను. దినాల నాడు భోజనాల వేళ అనుకున్నాను. భయస్తులకు సాకులు వెతుక్కోనక్కర్లేదు, అవే వచ్చి ఒళ్లో కూర్చుంటాయి. ఆ పదకొండు రోజులూ కట్ట మీద ఎవరు పక్కకు దిగినా వాళ్ల కాళ్ల వైపే చూసేదాన్ని, ఇంకా తీగ లేదని తెలిసి కూడా.

పన్నెండో రోజు పొద్దున నేను బస్సు దిగి వస్తుంటే బాపు కొడుకు కట్ట దిగువనే ఉన్నాడు. గుండు, కొత్త తువ్వాల. చెరుకు అంచున కట్టె మేకులు పాతేశాడు, వాటికి తీగ కట్టుకుంటూ పోతున్నాడు. చేతిలో సుత్తె. నన్ను చూసి, "జర పైకెల్లి పో టీచరమ్మా. సాయంత్రం కనెక్షన్ ఇస్త, ఇగ ఇటు దిగకు" అన్నాడు.

"అన్నా, తీగ పెట్టకు."

"పందికి మందు గిదొక్కటే."

"పంది లేకుండె అన్నా."

"బాపు సూసిండు."

"బాపు సూసింది నన్ను. చెరుకుల దాసుకున్నది నేను. కుక్కలకు భయమై దూరిన. మాట్లాడుమన్నడు, మాట్లాడలే. మోతి నాకే బెదిరింది."

ఆయన చేతిలో సుత్తె అలాగే ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. కుక్కలను చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు నాకు.

"బాపుకు ఎర్కనా?" అన్నాడు.

"ఎర్కనే. నన్ను ఎవలేమన్న అంటరని పంది పేరు చెప్పిండు."

"నాలుగు నెలలు వచ్చినవ్ మా ఇంటికి. నా చేతుల చాయ్ తాగినవ్."

తిట్టమని మనసులో వేడుకున్నాను. తిట్టలేదు. సుత్తె కింద పడేశాడు. మొదటి మేకు దగ్గరికి పోయి, రెండు చేతులతో ఊపి పీకాడు. తర్వాత రెండోది. నేను వెనకే పోయి, పీకినవాటికున్న తీగ ముడి విప్పి, మేకులన్నీ ఏరి కొంగులో వేసుకున్నాను. బడి గంట కొట్టే వేళ దాటిపోయింది. తీగ కట్ట పొడుగునా పడి ఉంది. దాని అవతలి కొస దగ్గర నేను నిలబడ్డాను, ఇవతలి కొస ఆయన చేతిలో ఉంది.

"కరెంటు ఇయ్యలే. వట్టుకో" అన్నాడు, నా వైపు చూడకుండా.

పట్టుకున్నాను. ఆయన మోచేతికీ అరచేతికీ మధ్య తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టుకు తీగ బిగుసుకుంటోంది, నేను ఒక్కో అడుగు ఆయన వైపు వేయవలసి వస్తోంది. తల ఎత్తలేదాయన. దగ్గరికి పోతే ఏమంటాడో, ఏం చేస్తాడో తెలియదు. చుట్టుతూనే ఉన్నాడు, నేను కొస వదలకుండా నడుస్తూనే ఉన్నాను.